నలభై రెండో కార్డు

ఆ బుధవారం మధ్యాహ్నం సూర్యకళ మెట్లెక్కి వచ్చేసరికి ఆమె చీర కుచ్చిళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలోని అట్టపెట్టె మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. గొడుగంతా దానికే పట్టి, తను తడుస్తూ వచ్చింది.

రాజమండ్రి ఇన్నీసుపేటలో గడియారాల దుకాణం మీద ఉన్న ఆ గదికి వచ్చేవాళ్లు ముందు బోర్డు చదివి, కాసేపు తటపటాయించి, అప్పుడు తలుపు కొడతారు. ఆమె అవేవీ చెయ్యలేదు. నేరుగా వచ్చి పెట్టెను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీదే ఉంచి నిలబడింది. సత్యప్రసాద్ ఏమీ అడగకుండా చిలక్కొయ్యకున్న పొడి తువ్వాలు తీసి ఇచ్చాడు. కుర్చీని ఫ్యాను గాలి తగలని వైపుకి జరిపాడు.

సత్యప్రసాద్ పాతికేళ్లు తపాలా శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. పోయిన ఉత్తరాలు, దారిలో ఎవరో విప్పిన పార్సిళ్లు ఎక్కడ తప్పిపోయాయో కనిపెట్టడం ఆయన పని. భార్య చనిపోయిన ఏడాది ఉద్యోగం వదిలి ఈ ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. సహాయకుడు గంగరాజు ఆయనకన్నా ఆరేళ్లు పెద్ద. రైళ్లలో ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే ఆర్.ఎం.ఎస్.లో సార్టరుగా రిటైరయ్యాడు. సత్యప్రసాద్ బుర్ర మీద గంగరాజుకి ఎంత గురి అంటే, ఆయన ఊరికే కిటికీలోంచి చూస్తున్నా ఏదో కనిపెట్టేస్తున్నారనుకుని దగ్గు వచ్చినా ఆపుకునేవాడు.

సూర్యకళ కాలేజీలో లైబ్రేరియన్. రెండు గుక్కల మంచినీళ్లు తాగాక తన సంగతి చెప్పింది. ఆ కాలేజీ వెనక రెండు గదుల్లోంచి ముప్ఫై ఒక్క ఏళ్లుగా భౌతిక రసాయన శాస్త్రానికి ఇంగ్లిష్‌లో ఒక త్రైమాసిక పత్రిక వస్తోంది. పేరు డెల్టా జర్నల్. డెల్టాలోని కెమిస్ట్రీ మాష్టార్లు సంఘంగా ఏర్పడి నడుపుతున్నారు. ఎడిటర్ వెంకటపతిరాజు గారు. ఆమె పీహెచ్.డి. ఆ పత్రిక మీదే. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వ్యాసాలు వచ్చాయి, ఎవరు రాశారు, వాటిని తరవాతివాళ్లు ఎన్నిసార్లు తమ వ్యాసాల్లో ఆధారంగా చూపించారు అన్నది లెక్క తీయడం ఆమె పని. అలా చూపించడాన్నే సైటేషన్ అంటారు. ఒక్కో సైటేషన్‌కి ఒక్కో కార్డు. నాలుగేళ్లలో మూడు వేలకు పైగా కార్డులు రాసింది.

"అందులో ఒక వ్యాసానికి నలభై రెండు వచ్చాయండి," అంది. "మిగతావాటిలో పెద్ద లెక్కే తొమ్మిది. ఈ వ్యాసం ఎనభై ఆరులోది. రత్నమాణిక్యం గారని, రాజు గారి స్టూడెంటు, పెద్దాపురం ఆవిడ. చెరకు మడ్డి ఏ వేడి దగ్గర ఎంత చిక్కగా పారుతుందో కొలిచారు. ఆ ఏడాదే పోయారు. పదేళ్లు మన పత్రికలో ఎవరూ దాన్ని తల్చుకోలేదు. తొంభై ఏడు నుంచి మొదలైంది. బ్యాటరీల మీద వ్యాసంలోనూ మడ్డి, గాజు మీద వ్యాసంలోనూ మడ్డి. రిఫరెన్సుల లిస్టులో ఎప్పుడూ ఆఖరిది. వ్యాసం లోపల ఎక్కడా ఆ నంబరే ఉండదు."

ఆమె లెక్క సెమినార్లో చదివింది. మూడు నెలలు తిరక్కుండా సైన్సు పత్రికల జాబితా ఉంచే విదేశీ సూచీ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే వ్యాసానికి ఇన్ని సైటేషన్లు ఎలా వచ్చాయో నెల్లో సంజాయిషీ ఇవ్వకపోతే పత్రికను జాబితాలోంచి తీసేస్తామని. పత్రిక పేరు పెంచుకోవడానికి రాజు గారే తన శిష్యురాలి వ్యాసాన్ని చేర్పిస్తున్నారని సంఘంలో అనేశారు. శనివారం సమావేశం. అట్ట మీంచి ఆయన పేరు తీసేయాలన్నది మొదటి తీర్మానం.

"నా లెక్కే ఆయన్ని దించేస్తోందండి. నాకు సైన్సు పత్రిక చదవడం నేర్పింది ఆయన." తువ్వాలు మడతపెడుతూనే ఉంది. "సోమవారం మధ్యాహ్నం ఆ కార్డులు పోయాయి. పత్రిక ఆఫీసులోనే పెట్టుకుని రాస్తుంటాను. పోయినవి నలభై ఒకటి. ఇప్పుడు ఆయనే మాయం చేశారంటున్నారు."

"నలభై రెండన్నారు?"

"ఒకటి వేరే పత్రికలో వచ్చిన సైటేషనండి. బయటివి ఇంటి దగ్గర వేరే పెట్టెలో ఉంటాయి."

సత్యప్రసాద్ అట్టపెట్టె తెరిచాడు. లోపల ఒక కార్డుల కట్ట. రత్నమాణిక్యం అని రాసిన గుర్తు కార్డు ఉంది, దాని వెనక ఖాళీ. కట్ట చుట్టూ పురికొస నాలుగు చుట్లు తిరిగి ఉంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఈ కట్టు మీరు వేసిందేనా?"

"కాదండి. నేను జడ రిబ్బనులా పువ్వు ముడి వేస్తాను. ఇది సోమవారం సాయంత్రం ఇలా కనిపించింది. విప్పకుండా తెచ్చాను."

ఆయన దాన్ని గంగరాజుకి అందించాడు. జీవితమంతా కట్టలు కట్టిన మనిషి వేలితో నాలుగు వైపులా తడిమి, ఇందులో అసలు ముడే లేదని ఆశ్చర్యపోయాడు. పురికొస కొసను ఒక మూల చుట్ల కిందికి దోపారు, అంతే. అయినా కట్ట రాయిలా బిగిసి ఉంది.

"ఆర్.ఎం.ఎస్.లో ఇలా కట్టరు ప్రసాద్ గారూ. కొట్లోనూ కట్టరు," అన్నాడు.

*

గురువారం పొద్దున్న వాళ్లు పత్రిక ఆఫీసుకి వెళ్లారు. వెంకటపతిరాజు గారికి డెబ్భై ఏళ్లు దాటాయి. భీమవరం పక్క పల్లె. అన్నదమ్ములు రొయ్యల చెరువుల్లో పడ్డా ఆయన ఈ రెండు గదులూ వదల్లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. సంజాయిషీ చెప్పుకోవడం ఆయనకి ఇష్టమున్నట్టు లేదు. అడిగినదానికి మాత్రం జవాబిచ్చారు. ప్రతి వ్యాసానికీ రెండు ప్రూఫులు చూస్తారు. రెండోదాని మీద ప్రింట్ ఆర్డర్ అని సంతకం పెడతారు. తరవాత అచ్చయిన సంచిక చేతికి వస్తే అట్ట తడిమి, బీరువాలో పెట్టేస్తారు.

"అచ్చయ్యాక చదవరా అండి?"

"ఆరేళ్లయింది చదవక. కళ్లు ప్రూఫులకే సరిపోతున్నాయి."

ఆరేళ్ల ప్రూఫులు బీరువాలో వరసగా ఉన్నాయి. సత్యప్రసాద్ వాటినీ అచ్చయిన సంచికల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. సంతకం పెట్టిన ఏ ప్రూఫులోనూ మడ్డి వ్యాసం లేదు. సంచికల్లో ఉంది. చేరిన ప్రతిచోటా వ్యాసం చివరి పేజీ అడుగున కాస్త చోటు మిగిలి ఉండడం కూడా ఆయన గమనించాడు. ఆ మాట పైకి అనకుండా, సంతకం తరవాతే చేరిందని మాత్రం చెప్పాడు. సూర్యకళ ముఖం వెలిగింది.

అది ఎక్కువసేపు నిలవలేదు. అసోసియేట్ ఎడిటర్ సూర్యతేజ అప్పుడే లోపలికి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"ఆయన ఫోన్లో ప్రెస్సుకి చెప్పి చేర్పించొచ్చు కదండీ. ప్రూఫులో లేకపోతే నిర్దోషి అయిపోతారా?"

"చేర్పిస్తే పత్రికకి లాభం ఏంటండి?"

"ఇంపాక్ట్ ఫ్యాక్టర్. పత్రిక పరపతికి అదే కొలత. ఒక పత్రిక గత రెండేళ్లలో వేసిన వ్యాసాలని ఈ ఏడాది ఎంతమంది ఆధారంగా చూపించారు అన్నది. నేను వచ్చినప్పట్నుంచీ దాన్ని పెంచాలని మొత్తుకుంటున్నాను. ఈయన నా మాట విన్నదెప్పుడు?"

"గత రెండేళ్లవే లెక్కలోకి వస్తాయా?"

"రెండేళ్లవే."

"మీ మాట వినలేదని మీకు కోపమా?"

సూర్యతేజ కాసేపు ఫైలు అంచు గీరాడు. "కోపమేనండి. కానీ ఆయన్ని గెంటెయ్యాలని నేను అనలేదు. ఆ తీర్మానం నాది కాదు," అన్నాడు, గొంతు తగ్గించి.

అటెండరు అచ్చాయమ్మ సోమవారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని అన్నం తింది. ఒంటిగంటకీ రెండింటికీ మధ్య రాజు గారు లోపల గదిలో కునుకు తీశారు. సూర్యతేజ ఫైలు కోసం వచ్చి వెళ్లాడు. ప్రెస్సు యజమాని పల్లంరాజు అట్ట నమూనా తెచ్చాడు. ప్రెస్సులో కంప్యూటరు మీద అచ్చు కూర్చే చిన్నమ్మాయి అనే ఆవిడ ప్రూఫులు తెచ్చి, తనకి కాస్త మామిడికాయ పచ్చడి కూడా పెట్టి వెళ్లింది. ఇంకెవరూ రాలేదని అచ్చాయమ్మ మరిడమ్మ తల్లి మీద ఒట్టేసింది. పచ్చడి మాత్రం ఉప్పు ఎక్కువైందని చెప్పింది.

ప్రెస్సు గోదావరి గట్టుకి దగ్గర్లో పల్లపు వీధిలో ఉంది. పల్లంరాజు భారీ మనిషి, మాటకారి. డిటెక్టివ్ అనగానే భయపడకపోగా సంబరపడ్డాడు. తొంభైలో రైస్ మిల్లు అమ్మేసి ఈ ప్రెస్సు కొన్నాననీ, తొంభై ఆరులో సీసం అక్షరాలు తీసేసి కంప్యూటరు పెట్టాననీ గొప్పగా చెప్పాడు.

"ఆవిడగారు మాత్రం ప్రెస్సుతో పాటు వచ్చింది. నాకంటే సీనియరు," అంటూ మూల బల్ల వైపు చూపించాడు.

చిన్నమ్మాయి లేచి నిలబడి నమస్కారం పెట్టింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. సీసంతో పనిచేసినవాళ్లకుండే నల్లటి గీత వేలి గోళ్ల పక్కన ఇంకా పోలేదు. వాళ్లు మాట్లాడుతుండగానే రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, గంగరాజు పెద్దవాడని ఆయనకి స్టూలు తుడిచి వేసింది.

గుమ్మం పక్కన గూట్లో పాత రోజుల గుర్తుగా ఒక పేజీ సీసం అక్షరాలు ఉన్నాయి, చుట్టూ పురికొస కట్టి. గంగరాజు దాన్ని ముట్టబోతే పల్లంరాజు ఆపాడు.

"ముట్టకండి బాబూ. ఒకసారి విప్పి చూద్దామనుకున్నాను. విడిపోతే మళ్లీ కట్టడం నాకు రాదు."

వాళ్లు బయటికి వచ్చారు. వానకి రోడ్డు మీద నిలిచిన నీళ్లలో ఎవరో ఇటుకలు పరిచి, పిల్లలు స్కూలుకి దాటడానికి దారి చేశారు. వాటి మీంచే ఇద్దరూ నడిచారు.

*

శుక్రవారం లైబ్రరీలో. కార్డులు పోయినా సంచికలు పోలేదు గదా అని సత్యప్రసాద్ నలభై ఒక్క చోట్లా పేజీ నంబరు చూపించమన్నాడు. అన్నిచోట్లా రత్నమాణిక్యం వ్యాసం నూట అరవై ఒకటో పేజీలో మొదలైనట్టు ఉంది. సూర్యకళ ఇంటి నుంచి తెచ్చిన నలభై రెండో కార్డు మీద మాత్రం నూట అరవై తొమ్మిది.

"అది వాళ్ల పొరపాటు అనుకున్నానండి, నలభై ఒకరు ఒకేలా రాస్తే."

"అసలు సంచిక తీద్దాం."

ఎనభై ఆరు మూడో సంచిక తీశారు. వ్యాసం ఉన్నది నూట అరవై తొమ్మిదిలోనే. సంచిక మొదట్లో ఎనిమిది పేజీలు వేరే కాగితం మీద ఉన్నాయి. పత్రిక స్థాపకుడికి నివాళి. ఆయన పోయిన తేదీ సెప్టెంబరు రెండు.

సత్యప్రసాద్ ఆ తేదీ మీద వేలు ఉంచి, రాజు గారిని పిలిపించాడు. అప్పుడేం జరిగిందని అడిగాడు. పెద్దాయన చెప్పారు. ఆ సంచిక ఆగస్టులోనే అచ్చయింది. కుట్టకముందే గోదావరి వచ్చింది. ఎనభై ఆరు వరద. ప్రెస్సులో మెడలోతు నీళ్లు, అచ్చయిన కాగితమంతా ముద్దయిపోయింది. అక్షరాలు కట్టిన పేజీలు చాలావరకు నిలిచాయి. అక్టోబరులో మళ్లీ అచ్చేసినప్పుడు ముందు నివాళి చేర్చారు. దాంతో అన్ని పేజీలూ ఎనిమిదేసి జరిగాయి.

"వరదకి ముందు అచ్చయిన కాగితం ఏదీ మిగల్లేదా అండి?"

రాజు గారు గుర్తుచేసుకుంటూ చెప్పారు. "రచయితకిచ్చే విడి ప్రతులు పాతిక ముందే కుట్టి ఇచ్చారు. రత్నం అప్పటికే కాకినాడ ఆస్పత్రిలో ఉంది. మంచం మీదే పాతిక పాకెట్ల మీదా తన చేత్తో చిరునామాలు రాసింది. దేశంలో ఈ పని చేస్తున్న వాళ్లందరికీ. ప్రెస్సువాళ్లే పోస్టు చేశారు. ఒక్కరూ జవాబు రాయలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను ప్రెస్సులో కూర్చుని అనేవాణ్ణి, ఎవరూ ఆధారం చూపించని వ్యాసం చనిపోయిన వ్యాసం అని. అందరి వ్యాసాల గురించీ అనేవాణ్ణి."

గంగరాజు కుర్చీలో కదిలాడు. ఆయన ముఖం పాలిపోయింది. ఆ వారం రాజమండ్రి ఆర్.ఎం.ఎస్.లో డ్యూటీ తనదే. సంచులు నీళ్లలో నానాయి. సిరాతో రాసిన చిరునామాలు కరిగిపోయాయి. అచ్చేసిన చిరునామాలు మాత్రం నిలిచాయి. పాకెట్ల మీద అచ్చేసి ఉండేది పంపినవారి చిరునామాయే. కాబట్టి అలాంటివన్నీ పంపినవారికే తిప్పి పంపేశారు.

"ఆ పాకెట్లు ప్రెస్సుకే పోయుంటాయి ప్రసాద్ గారూ. ముద్ర నేనే వేసుంటాను," అన్నాడు మెల్లగా.

సత్యప్రసాద్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. వరదలో కొట్టుకుపోకుండా ఆపినవాళ్లు మీరే గదా అన్నాడు. గంగరాజుకి అది కొంచెం ఊరటగానే అనిపించింది.

*

శనివారం సంఘం సభ్యులు పదకొండింటికి వస్తారు. పదింటికి సత్యప్రసాద్ ఆఫీసు గదిలో అందర్నీ కూర్చోబెట్టాడు. రాజు గారు, సూర్యతేజ, సూర్యకళ, పల్లంరాజు, చిన్నమ్మాయి. గుమ్మంలో అచ్చాయమ్మ. చిన్నమ్మాయి నిలబడే ఉండబోతే గంగరాజు తన కుర్చీ ఆమెకి ఇచ్చాడు.

"రాజు గారు చేయించారని అంటున్నారు. సూర్యతేజ గారు చేశారని నేనూ ఒక పూట అనుకున్నాను," అంటూ మొదలుపెట్టాడు. "కానీ పత్రిక పరపతి లెక్కలోకి గత రెండేళ్ల వ్యాసాలే వస్తాయి. ఎనభై ఆరు నాటి వ్యాసాన్ని వెయ్యిసార్లు చేర్చినా ఒక్క పాయింటు పెరగదు. ఆ సంగతి మీ ఇద్దరికీ బాగా తెలుసు. పరపతి కోసమైతే కొత్త వ్యాసాలే చేర్చేవారు. అంటే ఇది చేసినవాళ్లకి ఆ సూత్రం తెలీదు. ఎంతమంది చూపిస్తే వ్యాసం అంత బతికుంటుందన్న మాట ఒక్కటే తెలుసు."

సూర్యతేజ తలెత్తి చూశాడు.

"రెండోది. ఆ లైను ఏయే వ్యాసాల్లో చేరింది? బ్యాటరీ, గాజు, సబ్బు. విషయంలో పొంతన లేదు. ఒక్కటే పోలిక, చివరి పేజీ అడుగున చోటు మిగిలింది. రసాయన శాస్త్రం తెలిసినవాడు విషయం చూస్తాడు. ఈ చెయ్యి ఖాళీ చూసింది."

పల్లంరాజు తన చేతులవైపు చూసుకున్నాడు.

"మూడోది పేజీ నంబరు. ఏ లైబ్రరీలో చూసినా నూట అరవై తొమ్మిది. నూట అరవై ఒకటి ఉన్నది వరదకి ముందు కుట్టిన విడి ప్రతుల్లోనే. అవి తడిసి, చిరునామాలు పోయి, ప్రెస్సుకి తిరిగొచ్చాయి. పల్లంరాజు గారూ, మీరు ప్రెస్సు కొన్నది తొంభైలో, అప్పటికి నాలుగేళ్లు దాటాయి. ఇక కార్డులు. తీసినవాళ్లు మిగతా కట్టని పాడు చెయ్యకుండా మళ్లీ కట్టారు. ముడి లేకుండా, కొస మూలకి దోపి. సీసం అక్షరాల పేజీని అలాగే కడతారు, ముడి వేస్తే మిషను మీద అడ్డొస్తుంది గనక. మీ గూట్లో పేజీ కట్టు అదే. ఆ కట్టు మీకు రాదని మీరే చెప్పారు."

ఎవరూ చిన్నమ్మాయి వైపు చూడలేదు. ఆమే లేచింది.

"మేష్టారికి ఏమీ తెలీదండి," అంది. చేతిసంచిలోంచి కార్డుల కట్ట తీసి రాజు గారి బల్ల మీద పెట్టింది. దానికీ ముడి లేదు. "ఇవి లేకపోతే మిమ్మల్ని ఏమీ అనలేరనుకున్నానండి. మీ మెడకే చుట్టుకుంటాయని తెలీలేదు."

పల్లంరాజు పళ్లు కొరికాడు. "నా ప్రెస్సులో కూర్చుని నా పరువు తీశావు గదే," అన్నాడు.

రాజు గారు చెయ్యెత్తి ఆపారు. "ఎందుకు చేశావమ్మా?"

ఆమె చెప్పుకొచ్చింది. పదేళ్లప్పుడు పెద్దాపురంలో రత్నమాణిక్యం గారింట్లో పనికి చేరింది. అమ్మగారు సీసాల మీది చీటీలు చూపించి ఇంగ్లిష్ అక్షరాలు నేర్పింది. అంట్లు తోమే చేతులు అక్షరాలు కూర్చగలవని చెప్పి ప్రెస్సులో పెట్టించింది. తను మొదటిసారి పూర్తిగా కూర్చిన ఇంగ్లిష్ వ్యాసం ఆవిడదే.

"ఆదివారం ఆదివారం కాకినాడ వెళ్లేదాన్నండి. వెళ్లగానే అడిగేవారు, ఎవరన్నా రాశారా చిన్నమ్మాయ్ అని. పాకెట్లు తిరిగొచ్చేశాయని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరో రాశారని అబద్ధం చెప్పడానికీ రాలేదు. ఇంకా రాలేదండి అనేదాన్ని. డిసెంబరులో పోయారు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆవిడ బతికుండగా ఆడాల్సిన అబద్ధం తరవాత అచ్చులో ఆడానండి. కంప్యూటరు వచ్చాక ఒక లైను ఎక్కించడం ఎంతసేపు. సంచికకి ఒకటో రెండో."

వాన తగ్గి, పెంకుల మీంచి చుక్కలు పడుతున్నాయి. సూర్యతేజే ముందు గొంతు సవరించుకున్నాడు. ఈ సంగతి సంఘానికి చెబితే రాజు గారి పేరు నిలుస్తుందని, సూచీ సంస్థ మాత్రం ఒప్పుకుంటుందో లేదో తెలీదని అన్నాడు.

"నా పేరు ఎందుకు నిలవాలి?" అన్నారు రాజు గారు. "చదవని పేజీలకి నేను బాధ్యుణ్ణి. వచ్చే సంచిక మొదటి పేజీలో నలభై ఒకటీ వెనక్కి తీసుకుంటున్నామని వేస్తాను. కింద సంతకం నాది. సంఘం ఉంచితే ఉంటాను. లేకపోతే సూర్యతేజ ఉన్నాడు." తరవాత చిన్నమ్మాయి వైపు తిరిగారు. "ఆ పేజీ నువ్వే కూర్చాలి. ఒక్కొక్కటీ."

ఆమె తలూపింది. అది శిక్షో కాదో ఆమెకీ తెలియలేదు.

"అయితే అమ్మగారికి ఒక్కటీ మిగలదన్నమాట," అంది చిన్నమ్మాయి.

సూర్యకళ ఇంతసేపూ ఒడిలో పట్టుకున్న కార్డు అప్పుడు అందించింది. నలభై రెండోది. తొంభై నాలుగులో పక్క రాష్ట్రంలో ఒక చక్కెర పరిశోధన కేంద్రం ఆయన రాసిన వ్యాసం. చిన్నమ్మాయి పెదవులు కదుపుతూ చదివింది. పేజీ నూట అరవై తొమ్మిది.

"ఇది నేను చేర్చింది కాదండి."

"కాదు. ఆయన లైబ్రరీలో సంచిక తీసి నిజంగా చదివారు," అంది సూర్యకళ. "ఆ వ్యాసం తెప్పించాను. ఈవిడ పట్టికలో అరవై డిగ్రీల దగ్గరి విలువ తప్పేమోనని కూడా రాశారు. ఇక్కడ నాలుగు పాయింట్ ఒకటి ఏడు ఉంది, తాము మళ్లీ కొలిస్తే నాలుగు పాయింట్ ఏడు వచ్చింది, మిగతావన్నీ సరిగ్గా సరిపోయాయి అని."

రాజు గారు నిట్టూర్చారు. రత్నం అంకె తప్పు రాసే మనిషి కాదు అని తనలో తను అనుకున్నట్టు అన్నారు.

చిన్నమ్మాయి గబుక్కున సంచిలో చెయ్యి పెట్టింది. పసుపు రంగుకి తిరిగిన సన్నటి పుస్తకం తీసింది. నీళ్లు తగిలి ఉబ్బి, అంచులు అలలు తిరిగి ఉన్నాయి. తిరిగొచ్చిన పాతికలో చదవడానికి వీలుగా మిగిలిన ఒకే ఒక్క ప్రతి. వేళ్లకి దారి తెలిసినట్టు పట్టిక దగ్గర తెరుచుకుంది. ఆమె దాన్ని రాజు గారి కళ్లకి దగ్గరగా పట్టింది.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా చూశారు.

"నాలుగు పాయింట్ ఏడు ఒకటి," అన్నారు.

"వరదలో ఆ పట్టిక ఒక్కటే విడిపోయిందండి," అంది చిన్నమ్మాయి. "అక్టోబరులో మళ్లీ కూర్చాను. అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారు గదా, అంతకుముందే ప్రింట్ ఆర్డర్ అయిందని మళ్లీ ప్రూఫు తియ్యలేదు. ఒకటీ ఏడూ తారుమారు చేశాను. తప్పు నాదండి. అమ్మగారు సరిగ్గానే కొలిచారు."

సత్యప్రసాద్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఈసారి ఆయన ఏమీ కనిపెట్టడం లేదని గంగరాజుకి తెలిసింది.

వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. సంఘం సభ్యులు వస్తున్నారు. రాజు గారు తెల్లకాగితం ముందుకి జరుపుకున్నారు. నలభై ఒక్క వాపసులకి చోటు వదిలి, కింద పెద్ద అక్షరాలతో ఒక సవరణ లైను రాసి, చిన్నమ్మాయి చేతికి ఇచ్చారు. పదహారేళ్ల కిందటి సంచికలో, నూట డెబ్భై రెండో పేజీలో, అరవై డిగ్రీల దగ్గర ఉండవలసిన విలువ.

"ఇది ముందు కూర్చు," అన్నారు.